సైకిల్‌తో పాటు హెల్మెట్ ఇవ్వాలనుకునే పట్టణ కమిటీకి ఒక సమాధానం

గోదావరి తీరంలోని మీ పట్టణంలో మున్సిపాలిటీ రెండు వందల సైకిళ్లతో పబ్లిక్ సైకిల్ పథకం మొదలుపెట్టబోతున్నదనీ, కమిటీలో పౌర సభ్యురాలిగా ఉన్న మీరు ప్రతి సైకిల్‌తో పాటు హెల్మెట్ కూడా ఇవ్వాలనే షరతును టెండరులో పెట్టించదలచుకున్నారనీ రాశారు. హెల్మెట్‌ను తప్పనిసరి చేయాలా, దాన్ని ఎక్కడ ఉంచాలి, ఒకరు పెట్టుకున్నదాన్ని మరొకరు పెట్టుకుంటారా అన్న మూడు ప్రశ్నల దగ్గర చర్చ ఆగిపోయిందని కూడా చెప్పారు. ఇలాంటి పథకాల్లో వర్క్‌షాపు బాధ్యత, స్టేషన్ల స్థలాల ఎంపిక కలిపి పదకొండేళ్లు చూసినవాడిగా ముందు నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. హెల్మెట్ తప్పకుండా ఇవ్వండి, కానీ పెట్టుకోకపోతే సైకిల్ ఇవ్వం అనకండి. దాన్ని స్టేషన్లో పెట్టెలో కాకుండా సైకిల్‌కే తగిలించండి. కొనే ముందే దాన్ని కడిగే మనుషులకూ, కడిగే చోటుకూ డబ్బు కేటాయించండి. బ్రేకులు, లైట్లు, స్టేషన్ల స్థలాలు తేలకుండా మాత్రం హెల్మెట్ దగ్గర చర్చ మొదలుపెట్టవద్దు.

మన ఊళ్లలో గంట లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే షాపులు ఉండేవి, మీరూ చూసే ఉంటారు. పిల్లవాడు వచ్చి సైకిల్ అడిగితే షాపాయన ముందు వాడి ఎత్తు చూసి సీటు కిందికి దించేవాడు, టైరును బొటనవేలితో నొక్కి గాలి చూసేవాడు, బ్రేకు ఒకసారి పట్టి వదిలేవాడు, నోటుబుక్కులో పేరూ టైమూ రాసుకుని, మెయిన్ రోడ్డు మీదికి వెళ్లొద్దని చెప్పి పంపేవాడు. అరనిమిషం కూడా పట్టని ఆ పనిలో సైకిల్ తనిఖీ, మనిషికి తగ్గ కొలత, దారి గురించిన హెచ్చరిక మూడూ జరిగిపోయేవి. పబ్లిక్ సైకిల్ పథకంలో ఫోన్ చూపగానే తాళం తెరుచుకుంటుంది, సైకిల్‌కూ ఎక్కే మనిషికీ మధ్య ఎవరూ ఉండరు. కాబట్టి షాపాయన చేసే ప్రతి పనినీ మీరు ముందుగానే సైకిల్ తయారీకో, వర్క్‌షాపుకో, స్టేషన్ స్థలానికో అప్పగించి ఉండాలి. అప్పగించని పని ఏదైనా ఉంటే అది ఇక ఎవరూ చేయరు. హెల్మెట్‌నూ నేను ఈ లెక్కలోనే చూస్తాను.

హెల్మెట్ ఏం చేయగలదో కమిటీలో అందరికీ తెలియడం అవసరం. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 1078 ప్రకారం, నకిలీ తలకు తొడిగిన సైకిల్ హెల్మెట్‌ను చదునైన ఇనుప దిమ్మె మీదికి సెకనుకు 5.42 మీటర్ల వేగంతో పడేటట్లు చేస్తారు. ఇది గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగం. అంటే దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి కిందపడడంతో సమానం. పట్టు తప్పి పక్కకు ఒరిగినప్పుడూ, గుంతలో ముందు చక్రం పడి ఎగిరిపడినప్పుడూ తల నేలను తాకే పరిస్థితికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. అలాంటి చోట హెల్మెట్ ఎంతో మేలు చేస్తుంది. ఒలివియర్, క్రైటన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 40 అధ్యయనాలను, గాయపడిన 64 వేల మందికి పైగా సైకిలిస్టుల వివరాలను కలిపి చూసినప్పుడు, హెల్మెట్ పెట్టుకున్నవారిలో తలకు తీవ్ర గాయమయ్యే అవకాశం 69 శాతం తక్కువగా తేలింది. హెల్మెట్ వల్ల ఏం ఒరుగుతుందని కమిటీలో ఎవరైనా అంటే ఈ అంకె చెప్పండి. అయితే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెనుక నుంచి వచ్చి గుద్దే లారీ ఆ పరీక్షలో లేదు. ఆ ప్రమాదాన్ని ఆపగలిగింది రోడ్డు మాత్రమే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జూలై 1 నుంచి సైకిల్ తొక్కే ప్రతివారికీ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఆ రాష్ట్ర రాజధాని మెల్‌బోర్న్‌లో 2010లో 600 సైకిళ్ల పబ్లిక్ సైకిల్ పథకం మొదలైనప్పుడు, దారిన పోతూ సైకిల్ తీసుకుందామనుకున్న మనిషి దగ్గర హెల్మెట్ లేకపోవడం పెద్ద అడ్డంకి అయింది. ఐదు డాలర్లకు హెల్మెట్ అమ్మే ఏర్పాటును దుకాణాల్లోనూ, యంత్రాల్లోనూ చేశారు. తర్వాత సైకిళ్ల మీదే ఉచితంగా హెల్మెట్లు ఉంచారు. అయినా ఆ పథకం ఆశించినంత వాడకానికి ఎప్పుడూ చేరలేదు, 2019 నవంబరులో మూతపడింది. మెల్‌బోర్న్ పథకం మొదలవడానికి కొన్ని నెలల ముందు, 2009 సెప్టెంబరులో, ఇంకా తక్కువగా 450 సైకిళ్లతో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో మొదలైన పథకం జనంతో కిటకిటలాడింది. అక్కడ అలాంటి చట్టం లేదు. డబ్లిన్‌లో స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉండడం కూడా కారణమే కాబట్టి తేడా మొత్తాన్నీ హెల్మెట్ చట్టానికే అంటగట్టడం న్యాయం కాదు. కానీ అనుకోకుండా ఎక్కే సైకిల్‌కు ముందుగా అనుకుని తెచ్చుకోవలసిన వస్తువును షరతుగా పెడితే ఏమవుతుందో మెల్‌బోర్న్ చూపించింది.

తెలుగువారు వేల సంఖ్యలో ఉద్యోగాలు చేసుకునే అమెరికా నగరం సియాటిల్ ఉదాహరణ మీకు మరింత ఉపయోగపడుతుంది. అక్కడ కూడా అన్ని వయసులవారికీ హెల్మెట్ తప్పనిసరి కావడంతో, 2014 అక్టోబరులో 50 స్టేషన్లతో, 500 సైకిళ్లతో మొదలైన ప్రోంటో పథకంలో స్టేషన్ల దగ్గర హెల్మెట్ల పెట్టెలు పెట్టారు. శుభ్రం చేసిన హెల్మెట్ ఒక పెట్టెలో నుంచి తీసుకోవాలి, వాడినదాన్ని దిగిన చోట మరో పెట్టెలో వేయాలి. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. కానీ సైకిళ్లను స్టేషన్ నుంచి స్టేషన్‌కు సర్దే వ్యాను ఒకటైతే, హెల్మెట్లను పోగుచేసి, కడిగి, తనిఖీ చేసి మళ్లీ పంచే పని దాని పక్కనే నడిచే రెండో సరఫరా వ్యవస్థ అయింది. ఊరి ఎత్తుపల్లాలు, స్టేషన్లు చాలకపోవడం కూడా తోడై ఆ పథకం 2017 మార్చి ఆఖరుకు ఆగిపోయింది. ఆ హెల్మెట్ నిబంధన కూడా ఇల్లు లేనివారి మీదా, నల్లజాతివారి మీదా ఎక్కువగా ప్రయోగమవుతోందన్న కారణంతో 2022లో రద్దయింది. ఇలాంటి చట్టమే ఉన్న కెనడా నగరం వాంకూవర్ మాత్రం 2016లో మోబి పథకాన్ని మొదలుపెట్టినప్పుడు హెల్మెట్‌ను సైకిల్‌కే కేబుల్‌తో తగిలించింది. ఆ పథకం నేటికీ నడుస్తోంది. సైకిల్ ఎక్కడికి పోతే హెల్మెట్ అక్కడికి పోతుంది కాబట్టి రెండో సరఫరా అక్కర్లేదు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు అందుకే వాంకూవర్ పద్ధతి.

మన దేశంలో మోటారు వాహనాల చట్టంలోని హెల్మెట్ నిబంధన మామూలు సైకిల్‌కు వర్తించదు. కాబట్టి తప్పనిసరి చేయవలసిన ఒత్తిడి మీ మీద లేదు. టెక్సీ డ్రైవరుకో, హోటల్లో పనిచేసే కుర్రాడికో బస్టాండు నుంచి ఇంటికి పోయే సైకిల్‌ను హెల్మెట్ పేరుతో దూరం చేస్తే ఆ మనిషి ఆటోనో, స్నేహితుడి మోటారు సైకిల్ వెనుక సీటునో వెతుక్కుంటాడు, అక్కడ తలకు ఏ రక్షణా ఉండదు. హ్యాండిల్‌కు తగిలించి, తీయకుండా సైకిల్ ఎక్కడం కాస్త ఇబ్బందిగా ఉండేచోట హెల్మెట్‌ను ఉంచితే, చేతిలోకి తీసుకున్న మనిషి పెట్టుకునే అవకాశం ఎక్కువ. ఒక్క మినహాయింపు చెబుతాను. మీ కమిటీ బ్యాటరీ సైకిళ్లు తీసుకుంటే, 250 వాట్లకు మించని, గంటకు 25 కిలోమీటర్లు దాటని వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేకపోయినా, కాలు కదపకుండానే ఆ వేగం అందుతుంది కాబట్టి హెల్మెట్ కొక్కెం ఖాళీగా ఉన్న బండికి తాళం తెరుచుకోకుండా చేయమని నేను గట్టిగా కోరతాను.

మూడో ప్రశ్న, అంటే ఒకరి హెల్మెట్ మరొకరు పెట్టుకోవడం, మన దగ్గర అన్నిటికన్నా పెద్ద సమస్య. దీన్ని సిగ్గుపడే విషయంగా కాక పని విషయంగా మాట్లాడుకోవాలి. తలకు నూనె రాసుకుంటాం, మే నెలలో చెమట ధారలు కడుతుంది, జడలో పూలుంటాయి, పేల భయం ఉంటుంది. లోపల వెల్‌క్రోతో అంటించే మెత్తలు ఊడదీసి ఉతికేలా ఉండాలి. ప్రతి హెల్మెట్‌కు మూడు జతల మెత్తలు కొనండి, ఒకటి వాడకంలో, ఒకటి ఉతుకులో, ఒకటి అల్మారాలో ఉంటాయి. గోరువెచ్చని నీళ్లు, ఒంటిసబ్బు లాంటి తేలికపాటి సబ్బు చాలు. మరకలు పోవాలని ఎవరైనా పెట్రోలో, పెయింటు థిన్నరో పట్టుకొస్తే వెంటనే ఆపండి, లోపలి నురుగు ఆ ద్రవాలకు కరిగిపోతుంది. ఉతికిన మెత్తలు నీడలో ఆరాలి, వానాకాలంలో ఫ్యాను కింద ఆరాలి. తడిగా తిరిగి అంటించిన మెత్త రెండు రోజుల్లో వాసన కొడుతుంది. ఆ వాసన చూసిన మనిషి ఇక జన్మలో ఆ పథకం హెల్మెట్ ముట్టుకోడు. హైదరాబాదు, విజయవాడల్లో మోటారు సైకిల్ మీద పోయేవారు హెల్మెట్ కింద కర్చీఫ్ కట్టుకోవడం మామూలే. ఆ అలవాటునే వాడుకుని, సభ్యత్వం తీసుకున్న ప్రతివారికీ ఒక పల్చని నూలు టోపీ ఇవ్వండి. వాడి పారేసే ప్లాస్టిక్ టోపీల కన్నా అది చవక, శుభ్రం. లోపలి అంచు మీద ఉతికిన తేదీ రాసిన చిన్న స్టిక్కరు ఉంటే మనిషికి నమ్మకం కలుగుతుంది. నేను పనిచేసిన ఒక చోట వారం దాటిన స్టిక్కరు కనబడితే ఫోన్‌లో ఫొటో తీసి పంపమని సభ్యులను అడిగాం, పంపినవారికి ఒక ఉచిత ప్రయాణం ఇచ్చాం. మా సూపర్‌వైజర్ల కన్నా వాళ్లే బాగా పట్టుకున్నారు.

హెల్మెట్ తనిఖీ ఎలా చేస్తారో దగ్గరగా చెబుతాను, ఎందుకంటే దీన్ని టెండరులో ఒక్క మాటతో వదిలేస్తారు. హెల్మెట్ లోపల ఉండేది థర్మాకోల్ జాతికి చెందిన గట్టి నురుగు, అది ఒకసారి నలిగి దెబ్బను మింగేస్తుంది, రెండోసారి మింగలేదు. పై ప్లాస్టిక్ పెంకు మాత్రం నలిగాక కూడా నిగనిగలాడుతూనే ఉండవచ్చు. అందుకే మెత్తలన్నీ ఊడదీసి, హెల్మెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, రెండు బొటనవేళ్లతో లోపలి నురుగును అంగుళం అంగుళం నొక్కుతూ పోవాలి. నొక్కినప్పుడు వెంట్రుకవాసి గీత తెరుచుకుని మూసుకుంటే అది పగులు. తర్వాత రెండు వైపులా పట్టుకుని కొద్దిగా విడదీసినట్లు లాగాలి, కిర్రుమనే శబ్దం వస్తే పక్కన పెట్టేయాలి. గడ్డం కింది బకిల్‌ను మూడుసార్లు వేసి తీయాలి, పట్టీని చేతికి చుట్టుకుని గట్టిగా లాగాలి, వెనుక బిగించే చక్రాన్ని చివరి వరకూ తిప్పాలి. అలవాటైన మనిషికి దీనికి రెండు నిమిషాలు పడుతుంది. ఒకసారి నా చేతికి వచ్చిన హెల్మెట్ కొత్తదానిలా ఉంది, పెంకు మీద గోటితో గీసినంత గీత కూడా లేదు. మెత్త తీసి చూస్తే కుడి కణత పక్కన నురుగు నిలువునా చీలి ఉంది. ఎవరో కిందపడి, లేచి, దులుపుకుని, సైకిల్‌ను మర్యాదగా స్టేషన్లో పెట్టి వెళ్లారు. అప్పటికి ఎంతమంది దాన్ని నమ్మి తలకు పెట్టుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పగిలిన హెల్మెట్‌ను చెత్తబుట్టలో వేయడం చాలదు, పట్టీలు కత్తిరించి వేయాలి, లేకపోతే అది ఎవరి తలమీదికో తిరిగి చేరుతుంది.

రంగు తెలుపో, లేత పసుపో తీసుకోండి, రాత్రి కనబడుతుంది, ఎండకు తక్కువ వేడెక్కుతుంది. రోజంతా మన ఎండలో ఉండే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కాబట్టి స్టేషన్లకు పైకప్పు వేయించండి. నేనైతే చూడడానికి బాగున్నా మూడేళ్లకు మించి ఏ హెల్మెట్‌నూ వాడనివ్వను. వెనుక చక్రంతో బిగించే రకమైతే ఒకే కొలత చాలామంది పెద్దవాళ్లకు సరిపోతుంది, కానీ జడ గానీ ముడి గానీ పట్టేంత ఖాళీ వెనుక ఉన్నదో లేదో కొనే ముందు కమిటీలోని ఆడవాళ్లే పెట్టుకుని చూడాలి.

ఇక సైకిల్ సంగతి. అమెరికాలో 2016లో మినెటా ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించిన అధ్యయనంలో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. పబ్లిక్ సైకిళ్లు వాడేవారు హెల్మెట్ తక్కువగా పెట్టుకుంటున్నా, వారికి ప్రమాదాలూ గాయాలూ సొంత సైకిళ్లవారి కన్నా తక్కువగానే జరుగుతున్నాయి. సైకిల్ బరువుగా, నిదానంగా, వెడల్పు టైర్లతో, కొట్టొచ్చినట్లు కనబడే రంగుతో ఉండడం కారణం కావచ్చునని అందులో నిపుణులు అభిప్రాయపడ్డారు. పారిస్ పబ్లిక్ సైకిల్ పథకమైన వెలిబ్‌లో సైకిల్ బరువు ఇరవై కిలోల పైమాటే. బరువు తగ్గించానని గొప్పగా చెప్పుకునే సరఫరాదారును చూసి మోసపోకండి. వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు ఎలా జారతాయో పాత రాడ్ బ్రేకుల సైకిల్ తొక్కినవారెవరైనా చెప్పగలరు, కాబట్టి చక్రం మధ్యలో మూసి ఉండే డ్రమ్ బ్రేకులనే షరతు పెట్టండి, నమూనా సైకిల్ మీద బకెట్టు నీళ్లు పోసి మీ ముందే తొక్కించి చూడండి. చక్రం తిరిగితే వెలిగే డైనమో లైట్లు, ఆగాక కూడా ఒక నిమిషం పాటు వెలుగుతూ ఉండే వెనుక లైటు, పూర్తిగా మూసిన చైన్ కవరు, వెనుక చక్రానికి రెండు వైపులా శారీ గార్డు ఉండాలి. చున్నీ చక్రంలో చుట్టుకోవడం వల్ల పడే పాటుకు హెల్మెట్ సగం జవాబే, గార్డు పూర్తి జవాబు. వెనుక క్యారియరు మాత్రం పెట్టవద్దు, పెడితే దాని మీద ఇంకొకరు కూర్చుంటారు.

స్టేషన్ స్థలం గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు, కానీ ప్రమాదాలు అక్కడే పుడతాయి. మధ్యలో డివైడరు ఉన్న రోడ్డుకు ఒకే వైపు స్టేషన్ పెడితే, అవతలి వైపు పోవలసిన మనిషి అరకిలోమీటరు చుట్టు తిరిగి రాడు, ఎదురుగా వచ్చే బండ్లలోకి రాంగ్ రూటులో పోతాడు. అది మనిషి తప్పని అనేముందు స్టేషన్ పెట్టినవారి తప్పని నేను అంటాను. అలాంటి చోట రెండు వైపులా రెండు చిన్న స్టేషన్లు పెట్టండి. సుమారు 300 మీటర్లకొకటి ఉండాలని పట్టణ రవాణా సంస్థ ఐటీడీపీ తన మార్గదర్శకంలో చెప్పింది. రెండు వందల సైకిళ్లను ఊరంతా చల్లకుండా ఒక పేటలో చిక్కగా పెట్టడం వాడకానికీ, భద్రతకూ మంచిది. ఆ పేటలోని ప్రతి వీధినీ మీరే ఒకసారి సైకిల్ మీద తిరగండి. మురికి కాలువల మీది ఇనుప జాలీల పట్టీలు రోడ్డు వెంట నిలువుగా ఉంటే ముందు చక్రం దిగబడుతుంది, వాటిని అడ్డంగా తిప్పించడం మున్సిపాలిటీకి ఒక్క వారం పని. స్పెయిన్‌లోని సెవియ్యా నగరం 2007లో సెవిసి పథకం తెచ్చిన రోజుల్లోనే, కొద్ది ఏళ్లలో వంద కిలోమీటర్లకు పైగా వేరుచేసిన సైకిల్ దారులను ఒకదానితో ఒకటి కలిపి వేసింది కాబట్టే అక్కడ మామూలు జనం సైకిలెక్కారు. హైదరాబాదులో అవుటర్ రింగురోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు దారి నాకెంతో ఇష్టం. కానీ అది వ్యాయామానికి పోయేవారి దారి. మీకు కావలసింది బస్టాండు నుంచి కాలేజీకి, రైతుబజారుకు పోయే రెండు మూడు కిలోమీటర్ల దారి. దాని మీద బండ్ల వేగం 30 కిలోమీటర్లకు దిగితే మీ హెల్మెట్లు చేయవలసిన పని చాలా తగ్గుతుంది.

చివరగా టెండరులో నిర్వహణ గురించి రెండు మాటలు. కంట్రాక్టరుకు సైకిళ్ల సంఖ్యను బట్టి కాకుండా, ఆ రోజు బ్రేకూ లైటూ హెల్మెట్టూ సరిగ్గా ఉండి రోడ్డు మీద ఉన్న సైకిళ్ల సంఖ్యను బట్టి చెల్లించండి. పారిస్‌లో చెడిపోయిన సైకిల్‌ను గుర్తించడానికి జనమే సీటును వెనక్కి తిప్పి వదిలే అలవాటు చేసుకున్నారు. మీరు మొదటి రోజు నుంచే ఆ గుర్తును నేర్పవచ్చు. ఎవరైనా సైకిల్ తీసుకుని రెండు నిమిషాల్లోపే అదే స్టేషన్లో తిరిగి పెడితే అందులో ఏదో లోపం ఉన్నట్లే, అలా వరుసగా ఇద్దరు చేస్తే ఆ సైకిల్‌కు తాళం దానంతటదే పడిపోయేలా సాఫ్ట్‌వేర్‌లో రాయించండి. కిందపడ్డానని యాప్‌లో నొక్కిన మనిషికి జరిమానా ఉండదని పెద్ద అక్షరాలతో రాయండి, లేకపోతే ఆ చీలిన హెల్మెట్ మీకు ఎప్పటికీ తెలియదు. ఇరవై సైకిళ్లతో, ముప్ఫై హెల్మెట్లతో జూన్‌లో ఒక పేటలో మొదలుపెట్టి, వానాకాలమంతా ఉతుకు లెక్కలూ, పగిలిన హెల్మెట్ల లెక్కలూ రాయించండి. మిగతా నూట ఎనభై సైకిళ్లకు ఆర్డరు అక్టోబరులో, ఆ నోటుబుక్కు మీ ముందు పెట్టుకుని ఇవ్వవచ్చు.